మాను మీద గాయం: పూత పూయాలా, చువ్వ పట్టాలా, వదిలేయాలా?

గడ్డి కోసే యంత్రం తగిలి మొదలు దగ్గర బెరడు లేచిపోయిన చెట్టు ఒకటి. గాలివానకు కొమ్మ విరుగుతూ పక్క బెరడును కూడా చీల్చుకుపోయిన చెట్టు ఇంకొకటి. ఎందుకో తెలియకుండా బంక కారుతున్నది మరొకటి. మూడింటికీ చేయి వెళ్లేది ఒకే డబ్బా మీదికి, ఏదో ఒకటి పూసేద్దామని. నేనూ అదే చేశాను. కొమ్మ కోసిన చోట తారు మందంగా పట్టించి చేతులు దులుపుకున్నాను. రెండేళ్లకు తారు బీటలిచ్చింది. గోటితో ఒక పెచ్చు లేపితే అడుగున కర్ర నల్లగా, తడిగా, వేలు దిగేంత మెత్తగా ఉంది. అదే రోజు కోసి, పూయడం మరిచిపోయిన ఇంకో కొమ్మ మొదట్లో మాత్రం కొత్త బెరడు గాజులా చుట్టూ తిరిగి, మధ్యలో బొత్తామంత జాగా మిగిలింది.

ఒక్క చెట్టును చూసి తీర్పు చెప్పకూడదు, నిజమే. కానీ అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను రంపంతో నిలువునా కోసి తేల్చిందీ ఇంచుమించు ఇదే. మన చర్మం మానినట్టు చెట్టు మానదు. దెబ్బతిన్న కర్రను బాగుచేసుకోలేదు కనుక దాని చుట్టూ లోపల గోడలు కట్టి, కుళ్లును అక్కడే బంధించి, పైన కొత్త కర్ర పెంచుకుంటుంది. 1977లో వెలువడిన ఆ వివరణలో నాలుగు గోడలున్నాయి. గాయమయ్యాక పుట్టిన కర్రకూ, పాత కర్రకూ మధ్య లేచే నాలుగో గోడే అన్నింటిలోకి గట్టిది. పైన పూసిన రంగు ఈ గోడల పనిలో సాయపడదు. మందంగా పూస్తే కింద తేమ నిలిచి బూజుకు నీడ పట్టినట్టవుతుంది.

మరి బోర్డో పేస్ట్ సంగతి? దాన్ని తారుతో ఒకే గాటన కట్టలేం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు. రెండూ విడివిడిగా, లోహం కాని పాత్రల్లో కలిపి తర్వాత ఒకటి చేయాలి. శుభ్రమైన కత్తి మొన కాసేపు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. ఇది శిలీంధ్రాలను అడ్డుకునే మందే తప్ప గాయం మాన్పే లేపనం కాదు. నిమ్మజాతి చెట్ల మొదలు కుళ్లి బంక కారే తెగులు దగ్గర దీని విలువ తెలుస్తుంది. కొమ్మ కోసిన ప్రతిచోటా అలవాటుగా పూయడం మాత్రం దండగ పని. పూతే మేలైన సందర్భమూ ఒకటుంది: ఓక్ చెట్లను ఎండబెట్టే శిలీంధ్ర తెగులు తిరిగే ప్రాంతాల్లో, తాజా కోత వాసనకు చేరే పురుగులు దాన్ని అంటిస్తాయి కనుక కోసిన వెంటనే రంగు వేయాలి.

ఇప్పుడే చీలి ఇంకా తడిగా ఉన్న బెరడయితే పారేయొద్దు. గంటల్లోపు దాన్ని తిరిగి కర్రకు అదిమి, చిన్న మేకులతోనో పట్టీతోనో బిగించి, ఆరకుండా పైన తడి నాచు కప్పి, ఒకటి రెండు వారాలకు విప్పితే కొన్నిసార్లు అతుక్కుంటుంది. ఎండిపోయిందా, వదులుగా ఉన్న ముక్కల వరకే పదునైన కత్తితో తీసేసి ఆగిపోవాలి. గాయానికి చక్కని ఆకారం తేవాలని బతికున్న బెరడును చెక్కితే గాయం పెరుగుతుంది, అంతే.

పురుగు అనుమానం వచ్చినప్పుడు మందు మాట తర్వాత, ముందు రంధ్రాన్ని చదవాలి. బంక ఒట్టిగా, తేనెలా స్వచ్ఛంగా ఉంటే తెగులో, దెబ్బో, నీళ్ల ఎద్దడో కావచ్చు. బంకలో రంపపు పొట్టు కలిసి ఉంటే పురుగుదే. వరసగా, అచ్చు గుద్దినట్టు రంధ్రాలుంటే ఏదో పిట్ట ముక్కుతో పొడిచినవి కావచ్చు. అంచులు శుభ్రంగా ఉండి పొట్టు రాలని రంధ్రం చాలాసార్లు పెద్ద పురుగు బయటికి ఎగిరిపోయిన దారి. ఖాళీ ఇంటికి తాళం వేసినట్టు అందులో మందు పోసేవాళ్లను చాలామందిని చూశాను. తేల్చుకోవడం తేలికే. పొట్టంతా ఊడ్చి, రంధ్రం మీద పలుచగా మట్టి మెత్తి, మర్నాడు మొదలు కొన్ని రోజులు చూడాలి. మట్టి తోసుకుని కొత్త పొట్టు వచ్చిందంటే లోపల ప్రాణముంది.

ఉన్నట్టు తేలితే నా మొగ్గు చువ్వకే. కొన వంచిన సన్నటి తీగ గానీ, పాత సైకిల్ చువ్వ గానీ నెమ్మదిగా లోపలికి పోనిచ్చి తిప్పుతూ లాగాలి. కొనకు తెల్లటి తడి అంటితే పని అయినట్టే. బెరడు తినే గొంగళి పురుగు దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. పగలు చిన్న బొరియలో దాక్కుని, రాత్రి పొట్టూ పట్టూ కలిపి అల్లిన గొట్టం చాటున బెరడు మేస్తుంది కనుక, ఆ అల్లికను చీపురుతో తుడిచేస్తే బొరియ నోరు కనబడుతుంది. మామిడినీ అంజూరనూ తొలిచే పెద్ద పెంకుపురుగు పిల్ల లోతుగా, వంకరగా పోతుంది. అక్కడ చువ్వ అందకపోవచ్చు.

చువ్వ అందనిచోట పెట్రోలు తడిపిన దూది కుక్కి మట్టితో మూయడం పాత అలవాటు. పురుగు చస్తుందేమో గానీ బెరడుకూ కర్రకూ మధ్యనున్న సజీవ పొర కూడా మాడుతుంది. దానికంటే పురుగుల్లో చేరి చంపే నులిపురుగులను నీటిలో కలిపి సిరంజితో రంధ్రంలోకి ఎక్కించడం మేలు. తడి ఆరకుండా చూడాలి, ఎండవేళ పనికిరాదు. మాను మీద పైపైన మందు చల్లడమంటారా, అప్పటికే లోపలికి పోయినదాన్ని అది చేరదు. గుడ్ల నుంచి బయటపడి బెరడులోకి దూరబోయే పిల్ల పురుగులకు సరైన వేళ కొడితేనే ఫలితం.

పెన్ను మొనంత రంధ్రాలు పదుల కొద్దీ ఉంటే చువ్వా, సిరంజీ రెండూ పక్కన పెట్టండి. వాటిని చేసే చిన్న పెంకుపురుగులు కర్రను తినవు, వెంట తెచ్చిన శిలీంధ్రాన్ని సొరంగంలో సాగుచేసుకుని తింటాయి. బాగా సోకిన కొమ్మను కోసి సన్నగా ముక్కలు చేయడమే దారి. కట్టెలుగా పేర్చి ఉంచితే తోటంతా పంచినట్టే.

తొర్రను సిమెంటుతో పూడ్చడం గురించి ఒక్క మాటే: చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. నీరు పోవాలని తొర్రకు కింద బెజ్జం వేసినా చెట్టు కట్టుకున్న గోడకే చిల్లు పడుతుంది.

ఏది చేసినా నీళ్ల ఎద్దడిలో ఉన్న చెట్టునే తొలుచు పురుగులు ముందు వెతుక్కుంటాయి. ఎండాకాలం లోతుగా తడపడం సగం వైద్యం. గాయం మాను చుట్టుకొలతలో పావు వంతు దాటకపోతే చాలావరకు కోలుకుంటుంది, సగం దాటితే కష్టం. పూర్తిగా చుట్టూ బెరడు పోతే, గాయం పైనా కిందా ఉన్న బెరడులోకి పచ్చి పుల్లల రెండు కొనలూ గుచ్చి వంతెన అంటు కట్టడం ఒక్కటే మార్గం. పుల్ల తలకిందులు కాకూడదు.

నా తారు చెట్టును ఇప్పుడు సుత్తి పిడితో తడితే ఒక పక్క డొల్ల చప్పుడు వస్తుంది. తారు గీకలేదు, తొర్ర తవ్వలేదు. ఆ వైపు బరువు తగ్గేలా పెద్ద కొమ్మను కొంత కురచ చేశాను. ఈసారి కోత, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ పట్టీని ముట్టకుండా దాని బయటే పడింది.