స్టూడియో 54: గుమ్మం దగ్గర తాడు, వేదిక మీద తాళ్ళు

న్యూయార్క్‌లో వెస్ట్ 54వ వీధి, 254 నంబర్ భవనంలో ఇప్పుడు నాటకాలు ఆడుతున్నారు. టికెట్ కొన్నవాళ్ళెవరైనా దర్జాగా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. 1977లో ఇదే గుమ్మం ముందు, డబ్బూ పేరూ ఉన్నవాళ్ళు కూడా లోపలికి రానివ్వమని బతిమాలుకునేవాళ్ళు. నాది స్టేజి లైటింగ్ పని. అందుకే నాటకం మొదలవకముందే హాలంతా తల పైకెత్తి చూశాను. అప్పట్లో ఇక్కడ నడిచిన డిస్కో క్లబ్ స్టూడియో 54 పేరు చెప్పగానే అందరూ, జనాన్ని ఆపడానికి గుమ్మం దగ్గర కట్టిన వెల్వెట్ తాడు గురించే రాస్తారు. నా లెక్కలో ఆ క్లబ్‌ని నిలబెట్టినవి వేదిక మీద వేలాడిన తాళ్ళు.

1927లో ఫార్చూన్ గాలో దీన్ని ఒపేరా హౌస్‌గా కట్టించాడు. ఒపేరా ఎక్కువకాలం సాగలేదు. చేతులు మారి చివరికి సీబీఎస్ అనే ప్రసార సంస్థకి స్టూడియో 52 అయింది, అక్కడి నుంచి రేడియో, టీవీ కార్యక్రమాలు నడిచాయి. వాళ్ళు ఖాళీ చేశాక స్టీవ్ రూబెల్, ఇయన్ ష్రేగర్ అనే ఇద్దరు కాలేజీ స్నేహితులు దీన్ని పట్టారు. కొద్ది వారాల్లోనే క్లబ్‌గా మార్చి 1977 ఏప్రిల్ 26న తెరిచారు.

అంత హడావిడిలోనూ వాళ్ళు ఒక మంచి పని చేశారు. ఒపేరా కోసం కట్టిన ఎత్తునీ, తెరల్ని పైకీ కిందికీ లాగే ఏర్పాటునీ అలాగే ఉంచేశారు. సురభి వాళ్ళ నాటకం చూసినవాళ్ళకి ఈ మాట చటుక్కున అర్థమవుతుంది: రెప్పపాటులో అడవి పోయి అంతఃపురం వస్తుంది చూడండి, అదే పనితనాన్ని వీళ్ళు డ్యాన్స్ ఫ్లోర్ మీదికి దించారు. లైటింగ్‌కి న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్వేలో పండిపోయిన జూల్స్ ఫిషర్‌నీ, పాల్ మరాంట్జ్‌నీ పిలిచారు. లైట్లు బిగించిన పొడవాటి స్తంభాలు ఆడేవాళ్ళ తలల మీదికి దిగేవి, మళ్ళీ లేచిపోయేవి. చందమామ మొహం ఒకటి, దాని ముక్కు దగ్గరికి వచ్చే కొకైన్ చెంచా ఒకటి దిగేవి. ఒక రాత్రిలోనే ఆ చోటు ఎన్నోసార్లు మారిపోయేది. పైన బాల్కనీలో కూర్చున్నవాళ్ళు చూసేవాళ్ళు, కింద ఉన్నవాళ్ళంతా నటులు. మా పనిలో ఒకరిద్దరి మీద వెలుగు వేసి మిగతా హాలుని చీకట్లో ఉంచుతాం. ఇక్కడ వచ్చిన ప్రతి మనిషి మీదా వెలుగు పడింది. ఒక్కసారి ఆ వెలుగులో నిలబడ్డవాళ్ళు దాన్ని జన్మలో మర్చిపోరు.

ఈ క్లబ్‌లో తెల్లగుర్రం మీద కూర్చున్న బియాంకా జాగర్ (రాక్ గాయకుడు మిక్ జాగర్ అప్పటి భార్య) ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆమె వీధిలోంచి గుర్రం మీదే లోపలికి వచ్చిందని ఈనాటికీ చెప్పుకుంటారు. గుర్రం అప్పటికే లోపల ఉందనీ, తాను ఊరికే ఎక్కి కూర్చున్నాననీ ఆమే 2015లో పత్రికకు ఉత్తరం రాసింది. అయినా కథ ఆగలేదు.

"గుమ్మం దగ్గర నియంతృత్వం, డ్యాన్స్ ఫ్లోర్ మీద ప్రజాస్వామ్యం" అన్న మాట చిత్రకారుడు ఆండీ వార్హోల్‌దిగా చెబుతారు. రెండో సగం నాకు చాలా ఇష్టం. గేలు, నల్లవాళ్ళు, సినిమా తారలు, ఊరూ పేరూ లేని కుర్రాళ్ళు ఒకే వెలుగు కింద ఆడారు. మొదటి సగాన్ని మాత్రం నేను క్షమించను. రూబెల్, పందొమ్మిదేళ్ళ కుర్రాడు మార్క్ బెనెకీ బయట నిలబడి మనుషుల్ని వేలు పెట్టి ఏరేవాళ్ళు. 1977 డిసెంబర్ 31 రాత్రి గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే వచ్చిన చిక్ బ్యాండ్ నైల్ రోజర్స్‌నీ, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌నీ వెనక్కి పంపేశారు. ఆ కోపంలో తిట్టుగా పుట్టిన పాటే మాటలు మార్చుకుని మరుసటి ఏడాది అమెరికాలో నంబర్ వన్ అయింది. వాళ్ళకి ప్రతిభ ఉంది కాబట్టి సరే, పాట లేకుండా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళ మాటేమిటి?

తర్వాతిదంతా తెలిసిన కథే. 1978 డిసెంబర్‌లో పన్నుల శాఖ దాడి, 1980 జనవరిలో పన్ను ఎగ్గొట్టినందుకు రూబెల్, ష్రేగర్ ఇద్దరికీ మూడున్నరేళ్ళ జైలు శిక్ష, ఫిబ్రవరిలో వీడ్కోలు పార్టీ. మూడేళ్ళు కూడా నిండలేదు. వేరేవాళ్ళు మళ్ళీ తెరిచి కొన్నేళ్ళు నడిపారు గానీ ఆ ఊపు రాలేదు. పాతబడే టైమే దానికి దొరకలేదు, ఆ ఆకర్షణ ఇంకా తగ్గకపోవడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. రూబెల్ 1989లో పోయాడు. ష్రేగర్ హోటళ్ళ వ్యాపారంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు, 2017లో ఒబామా ఆయనకి క్షమాభిక్ష ఇచ్చాడు.

1998 నుంచి ఇక్కడ రౌండబౌట్ థియేటర్ కంపెనీ నాటకాలు వేస్తోంది. సుమారు వెయ్యి సీట్లు. బేస్‌మెంట్‌లో 54 బిలో అని భోజనం చేస్తూ పాటలు వినే చోటు వేరే ఉంది. డిస్కో క్లబ్ కోసమే వెళ్తే నిరాశ తప్పదు, హాలు కోసం వెళ్తే మాత్రం తృప్తిగా ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు కింద ముందు వరసల కోసం ఎగబడకండి. పైన ముందు వరసలో దొరికితే తీసుకుని, ఆట మొదలవడానికి అరగంట ముందే వెళ్ళి కూర్చోండి. కింద జనం వచ్చి సర్దుకోవడం అంతా అక్కడి నుంచి కనిపిస్తుంది.