విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కదాంతోనే ఐదేళ్లు: ఎక్కడ నిలబడింది, ఎక్కడ చేతులెత్తేసింది

వాడిన మిషన్లు మూడు. నెల్లూరులో ఎరువుల షాపు బిల్లింగ్ కంప్యూటర్: ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. ఇంట్లో పదకొండో తరం ఐ5 ల్యాప్‌టాప్, ఇప్పుడు విండోస్ 11. కావలిలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే పాత డెస్క్‌టాప్: 4 జీబీ ర్యామ్, పాత తరహా తిరిగే హార్డ్ డిస్కు. మూడింట్లోనూ డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ లేదు. విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఒక్కటే కాపలా.

షాపు మిషన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఇది సరిపోయింది. కావలి మిషన్ మాత్రం ఏడిపించింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అనేది, అంటే డిఫెండరే, డిస్కును 100 శాతం దగ్గర పట్టుకుని కూర్చునేది. పేజీ సేవ్ కొడితే అర నిమిషం ఆగాల్సిందే. చాలామంది ఇక్కడే విసుగొచ్చి డిఫెండర్‌ని ఆపేస్తారు. అసలు ఇబ్బంది డిస్కుతో. స్కానర్ వేల చిన్న ఫైళ్లని తెరిచి చూస్తుంది, తిరిగే డిస్కులో ముల్లు ఒక్కో ఫైలు కోసం అటూ ఇటూ పరిగెత్తాలి. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసి పాత డిస్కుని క్లోన్ చేశాక అదే ప్రాసెసర్, అదే 4 జీబీ ర్యామ్‌తో ఆ గోల పోయింది. ఏడాదికి యాంటీవైరస్‌కి కట్టే డబ్బులు రెండేళ్లవి దాచుకుంటే ఎస్‌ఎస్‌డీ ఖర్చులో చాలా వరకు వచ్చేస్తుంది.

స్కాన్ టైము మార్చుకోవడం రెండో మందు. టాస్క్ షెడ్యూలర్ తెరిచి మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ అనే ఫోల్డర్లలోకి వరసగా వెళ్తే 'విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్' కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్‌లో ట్రిగ్గర్స్‌కి వెళ్లి న్యూ నొక్కి, మిషన్ ఆన్‌లో ఉండి పని లేని టైము ఇవ్వాలి. షాపులో అయితే మధ్యాహ్నం భోజనాల టైము. ల్యాప్‌టాప్‌కి ఆ టైము వద్దు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఫుల్ స్కాన్ పెడితే ఫ్యాన్ ఏడుపు పక్కింటికి వినపడుతుంది, వేడికి ప్రాసెసర్ దానంతటదే స్పీడు తగ్గించుకుని స్కాన్ ఇంకా సాగుతుంది. పొద్దున్నే పెట్టుకుంటే హాయి.

కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్ యాంటీవైరస్ ఏదైనా వచ్చి ఉంటే ముందు దాన్ని తీసేయండి. వేరే యాంటీవైరస్ ఉన్నంతసేపూ డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినా కొన్నిసార్లు ముక్కలు మిగులుతాయి. ఆ కంపెనీ సైటులోనే రిమూవల్ టూల్ దొరుకుతుంది, అది నడిపి రీస్టార్ట్ చేసి, డిఫెండర్ సెట్టింగులన్నీ ఉండే 'విండోస్ సెక్యూరిటీ'లో ఆకుపచ్చ టిక్ వచ్చిందో లేదో చూసుకోవాలి.

అన్ని సెట్టింగులూ వాటంతటవే సరిగ్గా ఉంటాయనుకోవద్దు. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, అది ఉంటే వేరే ప్రోగ్రాములు డిఫెండర్‌ని చాటుగా ఆపలేవు. 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్'లో 'రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్' లోపల 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్' ఉంటుంది. దాని కింద యాప్స్, డౌన్‌లోడ్స్ రెండిటికీ టిక్ పెట్టాలి. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లతో పాటు తోకలా వచ్చే చెత్త చాలావరకు అక్కడే ఆగుతుంది.

ఇక 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్'. డిఫెండర్‌లో నాకు బాగా నచ్చిందీ, బాగా విసిగించిందీ ఇదే. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కి ఇది అడ్డు. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో కింద 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్' దగ్గర ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. ఆన్ చేశాక డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో నమ్మకమైన ప్రోగ్రాములు తప్ప మరేదీ ఫైలు మార్చలేదు. మీ బిల్లింగ్ డేటా డి డ్రైవ్‌లోనో సి డ్రైవ్‌లో విడి ఫోల్డర్‌లోనో ఉంటే దానికి ఈ కాపలా ఉండదు. 'ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్' నొక్కి ఆ ఫోల్డర్‌ని చేత్తో చేర్చాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. అకౌంట్సు ఫోల్డర్‌ని బయట వదిలేసి పెళ్లి ఫొటోలకి కాపలా పెట్టినట్టవుతుంది.

విసిగించడం ఎలాగంటే, అంతగా పేరు లేని సాఫ్ట్‌వేరుని అనుమానిస్తుంది. పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాములు, స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేరు, చిన్న కంపెనీల బిల్లింగ్ ప్రోగ్రాములు సేవ్ చేయబోతే ఆపేస్తుంది. ఆ ప్రోగ్రాము చూపించే ఎర్రర్ మాత్రం 'ఫైలు దొరకలేదు' అనో 'డిస్కు నిండింది' అనో ఉంటుంది, డిఫెండర్ పేరు ఎక్కడా ఉండదు. డిస్కులో వంద జీబీ ఖాళీ ఉంటే నిండిందంటుందేమిటని తల పట్టుకోవద్దు. 'ప్రొటెక్షన్ హిస్టరీ' తెరిస్తే 'ప్రొటెక్టెడ్ ఫోల్డర్ యాక్సెస్ బ్లాక్డ్' అని ఉంటుంది. 'అలో యాన్ యాప్' నుంచి, ఈమధ్య ఆపిన ప్రోగ్రాముల జాబితాలో దాని పక్కన ప్లస్ గుర్తు నొక్కితే సరి. మొదటి వారం రోజుకి రెండు మూడుసార్లు ఈ పని పడుతుంది, తర్వాత దాని ఊసే ఉండదు. ఇది ఫైళ్లని మార్చనివ్వదు గానీ చదవనివ్వకుండా ఆపలేదు. దొంగిలించి పట్టుకుపోయే వాటికి ఇది అడ్డు కాదు.

కావలి మిషన్ లాంటి డీటీపీ (కంపోజింగు) మిషన్లలో ఇంకో గండం ఉంది. డబ్బు కట్టని ఫొటో ఎడిటింగు సాఫ్ట్‌వేరు, క్రాక్ చేసిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, విండోస్‌ని యాక్టివేట్ చేసే దొంగ టూలు. వేసే కుర్రోడు 'అన్నా, వైరస్ అని చూపిస్తుంది, రెండు నిమిషాలు ఆపెయ్, ఏం కాదు' అంటాడు. డిఫెండర్ వాటిని 'హ్యాక్‌టూల్' పేరుతో పట్టుకుంటుంది. కొన్నిట్లో ఉన్నది యాక్టివేటర్ ఒక్కటే కావచ్చు, కొన్నిట్లో దాని వెనక పాస్‌వర్డులు దొంగిలించేది కూడా ఉంటుంది. రెండిటికీ వార్నింగు ఒకేలా కనపడుతుంది కాబట్టి ఏది ఏదో బయటికి తెలీదు. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లోని 'మేనేజ్ సెట్టింగ్స్'లో చివర 'ఎక్స్‌క్లూజన్స్', అంటే స్కాన్ చేయొద్దని చెప్పిన చోట్ల జాబితా, తెరిచి చూడండి. అక్కడ సి డ్రైవ్ మొత్తం రాసి ఉన్న మిషన్లు ఉంటాయి. అంటే కాపలావాడికి గేటు దగ్గర కుర్చీ వేసి, ఇంట్లోకి మాత్రం తొంగి చూడొద్దన్నట్టు. పైకి ఆకుపచ్చ టిక్కే కనపడుతుంది. మీరు పెట్టని ఎక్స్‌క్లూజన్ ఏది ఉన్నా తీసేసి, 'స్కాన్ ఆప్షన్స్'లో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' పెట్టాలి. మిషన్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవకముందే స్కాన్ చేస్తుంది, పావుగంట పడుతుంది. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, కరెంటు ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

పెన్‌డ్రైవ్ సంగతి. జిరాక్స్ షాపుకెళ్లి ప్రింటు తెచ్చుకున్నాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం మన దగ్గర ఇంకా చూస్తున్నాం. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచిపెట్టి అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే మీ మిషన్‌కీ అంటుతుంది. కాబట్టి ఏదీ తెరవకముందే 'దిస్ పీసీ'లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్' నొక్కండి. ఫుల్ స్కాన్ పెట్టాం కదా అని ఊరుకోవద్దు, మామూలు సెట్టింగుల్లో ఫుల్ స్కాన్ పెన్‌డ్రైవ్‌ల జోలికి పోదు. వైరస్ పోయాక ఫైళ్లు కనపడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేయాలి. కనపడ్డవాటిని వేరే చోటికి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టండి. ఇంకా తేలికైన దారి, ప్రింటు కోసం విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకుని అందులో ఆ పూట కావాల్సిన పీడీఎఫ్ మాత్రమే వేయడం.

నెట్ లేనప్పుడు డిఫెండర్ బలం తగ్గుతుంది. కొత్త ఫైలు మీద అనుమానం వస్తే క్లౌడ్‌లో అడిగి తేల్చుకునే పద్ధతి దానిది. పైగా డెఫినిషన్లు, అంటే వైరస్‌లని గుర్తుపట్టే ఆనవాళ్ల జాబితా, రోజుకి చాలాసార్లు మారుతుంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను లాంటిది వచ్చి కరెంటూ నెట్టూ పోతే, తిరిగి రాగానే ముందు 'ప్రొటెక్షన్ అప్‌డేట్స్'లో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు. డేటా ఆదా కోసం ఫోన్ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టుకున్నవాళ్లు కూడా వారానికి రెండుసార్లయినా చేత్తో చూసుకోవాలి. విండోస్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకి ఆ రాత్రికో బుధవారానికో అందుతాయి. డెస్క్‌టాప్‌కి 600 వీఏ యూపీఎస్ అయినా లేకుండా అవి ఎక్కించడం జూదమే, మధ్యలో కరెంటు పోతే విండోస్ మళ్లీ లేవకపోవచ్చు.

డిఫెండర్ చేతులెత్తేసే చోట్లు మూడున్నాయి. ఏ ధరకి కొన్న యాంటీవైరస్ అయినా అక్కడ పెద్దగా చేసేదేమీ లేదు. ఒకటి, బ్యాంకు వాళ్లమనో కరెంటు ఆఫీసు నుంచనో ఫోన్ చేసి స్క్రీన్ షేరింగు ప్రోగ్రాము వేయించడం. ఆ ప్రోగ్రాము అసలైనదే, అందుకే దాన్ని ఆపదు. రెండు, అచ్చు బ్యాంకు సైటులానే ఉండే నకిలీ సైటు. ఎడ్జ్‌లో స్మార్ట్‌స్క్రీన్, క్రోమ్‌లో సేఫ్ బ్రౌజింగ్ పాతవాటిని పట్టుకుంటాయి, గంట క్రితం పుట్టినదాన్ని పట్టుకుంటాయని నమ్మకం లేదు. అడంగల్, 1బీ కోసం మీభూమికి వెళ్లేటప్పుడు అడ్రసు చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. అది మధ్యలో ఉండి చివర ఇంకేదో ఉంటే బయటికొచ్చేయండి.

మూడోది ఈమధ్య బాగా పెరిగింది. ఏదో సైటులో 'మీరు రోబో కాదని నిరూపించండి' అని వస్తుంది. టిక్ పెట్టగానే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కమని, తర్వాత కంట్రోల్ వి, ఎంటర్ కొట్టమని చెబుతుంది. అసలైన పరీక్ష ఏదీ అలా అడగదు. మీరు టిక్ పెట్టినప్పుడే ఒక కమాండు కాపీ అయిపోయి ఉంటుంది, ఎంటర్ కొట్టగానే అది మీ చేత్తోనే నడుస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, డిఫెండర్ కొన్నిసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు వదిలేస్తుంది. అలా వచ్చేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులతో పాటు లాగిన్ కుకీలనీ పట్టుకుపోతుంది. కుకీ అంటే మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని బ్రౌజర్ దాచుకునే గుర్తు, అది ఉంటే ఓటీపీ అక్కర్లేకుండానే మీ మెయిల్ తెరుచుకుంటుంది. పొరపాటున కొట్టేస్తే వెంటనే నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి మెయిల్ ఖాతాలో అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్ మార్చడాన్ని ఆ మిషన్ మీదే చేస్తే కొత్తది కూడా వాడి చేతికే ఇచ్చినట్టు. డబ్బు పోయి ఉంటే ఎంత తొందరగా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అంత మంచిది, అవతలి ఖాతాలో ఉండగానే దాన్ని ఆపించే అవకాశం ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.

డిఫెండర్‌కి తోడుగా చేసినవాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా. షాపు కుర్రాళ్లకి అడ్మిన్ పాస్‌వర్డ్ తెలీదు కాబట్టి మిషన్ అంతటికీ పట్టే ప్రోగ్రాము ఏదీ వాళ్లు వేయలేరు. రెండోది, వారానికోసారి డేటాని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి వైరు పీకేయడం. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల రికవరీ కీని ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా మిషన్లలో డిస్కు మనకి చెప్పకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయాస్ అప్‌డేటో మదర్‌బోర్డు మార్పో జరిగిన రోజు ఆ కీ అడగొచ్చు, అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

డబ్బు కట్టే యాంటీవైరస్ ఎవరికి అవసరం? పది మిషన్లని ఒక్కచోటి నుంచి చూసుకోవాల్సిన ఆఫీసుకి, పిల్లల వాడకం మీద గట్టి పట్టు కావాలనుకునే ఇంటికి పనికొస్తుంది. ఒకటి రెండు మిషన్లవాళ్లు ఆ డబ్బుని బయటి హార్డ్ డిస్కు మీద పెడితే మేలు.

విండోస్ 10 వాళ్లకి ఒక మెలిక ఉంది. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. డిఫెండర్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దాన్ని చూసి ధీమా పడొద్దు, డెఫినిషన్లు వచ్చినంత మాత్రాన విండోస్‌లో ఉన్న కన్నాలు పూడవు. వాటికి 2026 అక్టోబర్ 13 వరకు నడిచే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్ నౌ' వస్తుంది. సెట్టింగులని మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. షాపులోని ఆరో తరం ఐ3 విండోస్ 11కి అర్హం కాదు, ఇంటెల్‌లో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే దానికి దారి. ఆ తేదీ దాటాక ఆ మిషన్‌కి నెట్ వైరు తీసేసి, బిల్లు ప్రింటింగుకి మాత్రమే ఉంచుతాం.