ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఏజెంటు ద్వారా ఇల్లు: ముందు కట్టిందెంత, తిరిగొచ్చిందెంత

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడు. మాకు ఇల్లు అద్దెకి ఇప్పించిన ఏజెన్సీ పేరు మాత్రం రాయను. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ ఊళ్లో ఇంకో నాలుగు లెటింగ్ ఏజెన్సీలకి కూడా సరిపోతాయి. పైగా ఇప్పుడు మేముంటున్న ఇల్లు కూడా వాళ్లు చూసేదే. ఆఫీసు రెడింగ్ స్టేషన్‌కి దగ్గరే. కుర్రాళ్లు మర్యాదగా మాట్లాడతారు, వెళ్తే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడిగితేనే చెప్తారు. ఏం అడగాలో తెలియకపోతే మన ఖర్మ.

2024 వేసవిలో మావారి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. అంతకుముందు హైదరాబాద్ మియాపూర్‌లో ఉండేవాళ్లం. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేయడం, రెండు నెలల అడ్వాన్స్ ఇవ్వడం, బ్రోకర్ ఉంటే అతని చేతిలో ఓ నెల అద్దె పెట్టడం, అంతే. ఇక్కడ ఏజెంటుకి మనం పైసా ఇవ్వక్కర్లేదంటే మొదట నమ్మలేదు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి టెనెంట్ ఫీజ్ యాక్ట్ అమల్లో ఉంది. రెఫరెన్స్ చెకింగ్ (మన గురించి వాకబు చేయడం), ఇన్వెంటరీ (ఇంటి స్థితి రాసే జాబితా), అగ్రిమెంటు ఖర్చు, అడ్మిన్ ఫీజు, ఇలా ఏ పేరు పెట్టినా అద్దెకుండేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదు. ఏజెంటుకి ఇచ్చేదేదో ఓనరే ఇచ్చుకోవాలి. ఈ విషయంలో మా ఏజెన్సీకి వంక పెట్టడానికి లేదు.

మేం చూసింది టైల్‌హర్స్ట్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, అద్దె నెలకి 1,300 పౌండ్లు. శనివారం వ్యూయింగ్‌కి వెళ్తే మా వెనకాల ఇంకో రెండు జంటలు మెట్ల మీద నిలబడి ఉన్నాయి. సాయంత్రానికల్లా మెయిల్ వచ్చింది: ఇల్లు కావాలంటే 300 పౌండ్లు హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మనకోసం ఆపి ఉంచే బయానా) కట్టండి అని. ఆ అంకె సరిగ్గానే ఉంది. హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దెకి మించకూడదు. వారం అద్దె అంటే నెల అద్దెని నాలుగుతో భాగించడం కాదు, 12తో గుణించి 52తో భాగించాలి. 1,300కి సరిగ్గా 300 వస్తుంది. నాలుగుతో భాగిస్తే 325 అవుతుంది కాబట్టి ఎవరైనా 325 అడిగితే ఊరుకోకండి.

నాకు నచ్చనిది ఆ మెయిల్లో చివరి లైను. ‘ఈ మొత్తం తిరిగి ఇవ్వబడదు’ అని లావు అక్షరాల్లో రాశారు. అది అబద్ధం. ఓనరు మనసు మార్చుకుంటే ఆ డబ్బు ఏడు రోజుల్లో వెనక్కి రావాలి. వేరే గడువు రాసుకోకపోతే పదిహేను రోజుల్లో అగ్రిమెంటు కుదరాలి, మన వైపు తప్పు లేకుండా అది కుదరకపోయినా అంతే. మనం వద్దనుకున్నా, తప్పుడు వివరాలిచ్చినా, అడిగిన కాగితాలు ఇవ్వకుండా నాన్చినా, వీసా చూసే రైట్ టు రెంట్ చెక్‌లో తేలకపోయినా మాత్రమే వాళ్లు ఉంచుకోవచ్చు. ఫోన్ చేసి అడిగితే ఆ అబ్బాయి ఏమాత్రం తడబడకుండా, “అది అందరికీ పంపే టెంప్లేట్ అండీ, మీరన్నదే కరెక్టు” అన్నాడు. తెలిసీ అలాగే పంపుతున్నారన్నమాట. ఒక స్టార్ అక్కడే పోయింది.

తర్వాత వచ్చింది అసలు షాకు. ఈ దేశంలో మాకు క్రెడిట్ హిస్టరీ లేదు, మూడు నెలల పే స్లిప్పులు లేవు. గ్యారంటర్‌గా నిలబడటానికి ఇక్కడ సొంత ఇల్లున్న చుట్టాలు అంతకంటే లేరు. అందుకని ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమన్నారు. అంటే 7,800, దానిమీద డిపాజిట్ 1,500, వెరసి 9,300 పౌండ్లు. అప్పటి రేటుకి దాదాపు పది లక్షల రూపాయలు. ఇక్కడికి వచ్చాక రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదని అందరూ చెప్తారు కానీ, పంపేది కాకినాడ బ్యాంకు నుంచైతే మార్చకుండా ఎలా?

అప్పట్లో అలా అడగడం చట్టానికి విరుద్ధం కాదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు, ముఖ్యంగా మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు, చదువు కోసం తెచ్చుకున్న లోన్ డబ్బులోంచి తీసి అలాగే కట్టేవారు. మావారి ఆఫీసులో పనిచేసే ఒక తెలుగు అక్క మాత్రం నన్ను ఆపింది. “తొందరపడకు చెల్లీ. ఆఫీసు లెటర్ పట్టుకెళ్లి ఓనర్‌కి చూపించమని అడుగు. ఏజెంటు మాట ఓనరు మాట కాదు” అంది. ఇక్కడ సాధారణంగా ఏడాది జీతం నెల అద్దెకి ముప్పై రెట్లు ఉండాలంటారు, మాకైతే 39,000. మావారి జీతం అంతకంటే ఎక్కువే. లెటర్ పంపిస్తే ఓనరు రెండు నెలల అద్దెకి ఒప్పుకున్నారు. ఏజెన్సీ ఆ పని మొదటే చేసి ఉండొచ్చు. కానీ అడిగాక మాత్రం ఆ రోజే కనుక్కుని చెప్పారు, అది వాళ్ల ఖాతాలో వేయాలి.

ఇప్పుడు వచ్చేవాళ్లకి ఈ బాధ తగ్గింది. 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ప్రకారం 2026 మే 1 నుంచి మొదలయ్యే అద్దెలకి అగ్రిమెంటు మీద సంతకం కాకముందు అద్దె అడగకూడదు, సంతకం అయ్యాక కూడా ముందుగా ఒక నెల అద్దెకి మించి కట్టమనకూడదు. లిస్టింగ్‌లో వేసిన అద్దె కంటే ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకూడదు. మేం చూసిన రోజు మెట్ల మీద నిలబడ్డ జంటల్లో ఒకరు యాభై పౌండ్లు పెంచి చెప్పారని తర్వాత తెలిసింది.

డిపాజిట్ సంగతికి వస్తే, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే ఐదు వారాల అద్దె దాటకూడదు. మాకు 1,500. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ పోసిన మా తమ్ముడు ఇది విని నిట్టూర్చాడు. అంతకంటే ముఖ్యం, ఆ డబ్బుని ఓనరు ఇష్టానికి వదిలేయరు. అందిన ముప్పై రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఒకదాంట్లో దాన్ని నమోదు చేయాలి: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. ఇలా స్కీములో పెట్టడం 2007 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. చేయకపోతే కోర్టు మనకి డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా ఇప్పించవచ్చు. మాకు గడువు లోపలే డిపాజిట్ నంబరుతో మెయిల్ వచ్చింది.

డిపాజిట్ బదులు ఒక వారం అద్దె కడితే చాలంటూ ‘జీరో డిపాజిట్’ అని ఇంకోటి అంటగట్టబోయారు. వినడానికి బాగుంటుంది. ఆ డబ్బు తిరిగి రాదు, ఇల్లు పాడైతే ఆ ఖర్చూ మనమీదే. వద్దన్నాం, మళ్లీ ఎత్తలేదు.

తాళాలు చేతికొచ్చాక మొదలైన ఖర్చులు ఏజెంటు లెక్కలో ఉండవు. కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను), కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ సరే. ఇల్లు అన్‌ఫర్నిష్డ్ అంటే నిజంగానే మంచం లేదు, కర్టెన్లు లేవు. మొదటి వారం పరుపు నేల మీదే.

ఇక ఇన్వెంటరీ. తాళాలతో పాటు పెద్ద పీడీఎఫ్ పంపి, ఏడు రోజుల్లో తేడాలుంటే రాయమన్నారు. చాలామంది సంతకం పెట్టేసి మర్చిపోతారు. నేను ఫోన్ టార్చి వేసుకుని గది గదీ చూశాను. వంటింట్లో స్టవ్ పక్కన తెల్లటి బల్ల మీద గిన్నె అడుగంత గోధుమరంగు మచ్చ ఉంది, ఎవరో వేడిది అలాగే దించేసినట్టు. పీడీఎఫ్‌లో దాని ఫోటో లేదు, ‘వర్క్‌టాప్ మంచి స్థితిలో’ అని ఉంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఆ రాత్రే మెయిల్ పెట్టాను. బాత్‌రూమ్‌లో టైల్స్ మధ్య రాలిన గ్రౌట్, పడగ్గది కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె మరక కూడా.

2025లో పెద్ద ఇంటికి మారినప్పుడు చెకౌట్ రిపోర్టులో ఏముందో ఊహించండి. వర్క్‌టాప్ మీద కాలిన మచ్చ, 95 పౌండ్లు. ప్రొఫెషనల్ క్లీనింగ్ రసీదు ఇవ్వలేదు కాబట్టి 140. వంటగదిలో పొగ పీల్చే హుడ్ ఫిల్టర్‌లో జిడ్డుకి 40. మొత్తం 275.

హుడ్‌కి మేం పేచీ పెట్టలేదు, ఏడాది తాలింపులు పీల్చిన ఫిల్టరు మరి. మిగతా రెండూ ఒప్పుకోలేదు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగించాలి, అంతవరకే వాళ్లు అడగగలరు. ఫలానా కంపెనీతోనే డబ్బు కట్టి చేయించమని అగ్రిమెంటులో రాసినా చెల్లదు. ఇల్లు మేమే కడిగాం, ఓవెన్ లోపలితో సహా ఫోటోలున్నాయి. మచ్చకి నా పాత మెయిలే సాక్ష్యం. గొడవ లేని డబ్బు ముందు వచ్చేసింది. మిగతాదాని మీద స్కీమువాళ్ల దగ్గరే ఉచితంగా తీర్పు అడగొచ్చు, నష్టం జరిగిందని నిరూపించాల్సింది ఓనరే. మేం అక్కడికి పంపుతున్నామని చెప్పగానే ఏజెన్సీ 95 వదిలేసింది. 140 సంగతి స్కీములో తీర్పు చెప్పే అడ్జుడికేటర్ దాకా వెళ్లింది, అదీ మాకే వచ్చింది. కొన్ని వారాలు పట్టింది కానీ ఫీజు లేదు, లాయరు లేడు, వాదులాట లేదు. ఆ స్కీముకి ఐదుకి ఐదు.

తలుపు మీద ఏజెన్సీల మీద ఫిర్యాదులు వినే ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్ స్టిక్కరు, గోడ మీద క్లయింట్ మనీ ప్రొటెక్షన్ సర్టిఫికెట్ ఉన్నాయా అని నేను ఏ ఏజెన్సీకి వెళ్లినా ముందు చూస్తాను. రెండోది 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ఏజెన్సీ మూతపడినా వాళ్ల చేతిలో ఉన్న మన డబ్బుకి అదే రక్షణ. వీళ్ల దగ్గర రెండూ ఉన్నాయి.

ఇన్ని చెప్పి మళ్లీ వాళ్ల దగ్గరే ఎందుకు తీసుకున్నావని అడగొచ్చు. నచ్చిన ఇల్లు వాళ్ల దగ్గరుంది మరి. గీజర్ లాంటి బాయిలర్ ఆగిపోయినప్పుడు మర్నాడే మనిషిని పంపిన ఏజెన్సీ కూడా ఇదే. కాకపోతే ఇల్లు మారేవాళ్లు ఒకటి ముందే లెక్క వేసుకోవాలి. పాత డిపాజిట్ కొత్త ఇంటికి దానంతటది బదిలీ కాదు. కొత్త ఇంటి అద్దె 1,560, డిపాజిట్ 1,800. పాత 1,500 ఇంకా స్కీములో ఉండగానే ఈ 1,800, మొదటి నెల అద్దె, ఒకటి రెండు వారాలు రెండిళ్ల అద్దె, వ్యాన్ కిరాయి అన్నీ చేతిలోంచే పోయాయి. హోల్డింగ్ డిపాజిట్ 360 పౌండ్లు అద్దెలో సర్దారు. మెయిల్లో ఆ లావు అక్షరాల లైను మాత్రం ఈసారీ అలాగే వచ్చింది.