చివరి పేజీలు ఎవరో చింపేశారనుకున్నా

ఈ పుస్తకం మీద నాకు ఎనిమిదేళ్లుగా ఒక కోపం ఉంది. అయినా ఇప్పటికి అయిదుసార్లు చదివాను. కోపమూ తగ్గలేదు, చదవడమూ మానలేదు.

జెన్నీ హాన్ రాసిన ‘టు ఆల్ ద బాయ్స్ ఐ హ్యావ్ లవ్డ్ బిఫోర్’ సంగతి చెబుతున్నాను. 2014లో వచ్చిన నవల. 2018లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సినిమా వల్ల కథ చాలామందికి తెలుసు. పదహారేళ్ల లారా జీన్ ఎవరి మీదైనా మనసు పారేసుకుని, ఇక చాలు అనుకున్నప్పుడు అతనికో ఉత్తరం రాసుకుంటుంది. పైన చిరునామా కూడా రాసి, వాళ్లమ్మ ఇచ్చిన టోపీల పెట్టెలో దాచేస్తుంది. పంపడానికి కాదు, వదిలించుకోవడానికి. అలాంటివి అయిదు. ఒకరోజు ఆ అయిదూ పోస్టులో వెళ్లిపోతాయి. (మన ఇళ్లలో ఈ కథ ఇంతదాకా రాదు. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడే ఆ పెట్టె అమ్మ చేతికి చిక్కేది.) ఒక ఉత్తరం పక్కింటి జాష్‌కి అందుతుంది. అతను నిన్నమొన్నటిదాకా అక్క మార్గో ప్రేమించినవాడు. ఆ గండం నుంచి బయటపడటానికి, ఇంకో ఉత్తరం అందుకున్న పీటర్ కవిన్‌స్కీతో ప్రేమ నటించడానికి ఒప్పందం కుదుర్చుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అది లోపం అనను. ఇలాంటి నవల ఎటు పోతుందో తెలిసే కదా పట్టుకుంటాం.

ఇక నా గొడవ.

2017లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎనభై రూపాయలకు కొన్నాను. అట్ట వదులుగా ఉంది, వెనకవైపు కుట్టు ఊడి రెండు దారాలు వేలాడుతున్నాయి. ఆ రాత్రి మొదలుపెడితే అధ్యాయాలు మూడేసి నాలుగేసి పేజీలే కావడంతో, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ తెల్లవారుజామున మూడింటికి చివరికొచ్చాను. లారా జీన్ కాగితం ముందేసుకుని కూర్చుంది. పీటర్‌కి ఉత్తరం మొదలుపెట్టింది. ‘ప్రియమైన పీటర్’ అన్న సంబోధన, పక్కన ఒక కామా. పేజీ తిప్పితే అట్ట.

ఎవరో పేజీలు చింపేశారనే అనుకున్నా. ఊడిన దారాలు సాక్ష్యం ఉండనే ఉన్నాయి. వారమంతా ఆ కామాయే బుర్రలో తిరిగింది. వచ్చే ఆదివారం పుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లాను. పుస్తకాలమ్మే ఆయన తిప్పి తిప్పి చూసి, “ఏందక్కా, ఆ పేజీలు చింపుకుని నేనేం జేస్త?” అన్నాడు. పాపం, కావాలంటే ఇంకో పుస్తకం తీసుకోమన్నాడు కూడా. నాకు కావలసింది ఇంకో పుస్తకం కాదు, ఈ పుస్తకంలో మిగిలిన ముక్క. అటునుంచి అటే ఏసీ ఉన్న పెద్ద పుస్తకాల షాపుకి పోయి, కొత్త కాపీ తీసి, నిలబడే చివరి పేజీ తెరిచాను.

అక్కడా కామాయే.

వారపత్రికల్లో సీరియళ్లు చదివిన ఇల్లు మాది. అమ్మ వాటిని కత్తిరించి, సూదీదారంతో కుట్టి దాచేది. అందులోనూ సరిగ్గా హీరో తలుపు తోసేచోటే ఆపేసేవాళ్లు. కానీ కింద ‘సశేషం’ అని ఉండేది, వచ్చే గురువారందాకా ఓపిక పట్టమని చెప్పినట్టు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు. రెండో భాగం 2015లోనే వచ్చేసిందనీ, కథ అక్కడ కొనసాగుతుందనీ షాపులో అదే బీరువా చూస్తే గానీ తెలియలేదు. మొదటి దాన్ని ఎనభైకి కొన్నదాన్ని, రెండోదాన్ని పూర్తి ధరకు కొన్నాను. దీన్ని తెలివి అనాలో, మోసం అనాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. సినిమా వాళ్లకీ ఇదే బాధ ఉన్నట్టుంది. లారా జీన్‌ని నేరుగా పీటర్ లక్రాస్ ఆట ఆడే మైదానంలోకి నడిపించి, పీటర్‌తో చెప్పాల్సింది చెప్పించేశారు. ఆ సీన్ నాకు సినిమాగా కంటే దొరికిన పేజీలుగా ఎక్కువ నచ్చింది.

అంత కోపం ఎందుకొచ్చిందంటే, అంతకుముందు పుస్తకం నన్ను బాగా పట్టేసింది గనక. పీటర్ వల్ల కాదు, మార్గో వల్ల.

ముగ్గురు అక్కచెల్లెళ్లు. తల్లి లేదు, తండ్రి డాక్టరు. తల్లి పనులన్నీ నెత్తిన వేసుకున్న పెద్దక్క స్కాట్లండ్‌కి చదువుకి వెళ్లిపోతుంది. తొమ్మిదేళ్ల కిటీ, ఇల్లూ నడిమిదాని మీద పడతాయి. మేమూ ముగ్గురం, నేను నడిమిదాన్ని. ఆ పుస్తకం కొనేనాటికి మా అక్క పెళ్లయి పుణె వెళ్లి రెండు నెలలు. గ్యాస్ బుక్ చేయడం దగ్గర్నుంచి నాన్న బీపీ మాత్రలదాకా అక్క పనులేమిటో అక్క వెళ్లాకే తెలిశాయి. లారా జీన్‌కి వచ్చిన కష్టం ఇంకా మెలికది. ఇలాంటి మాట చెప్పుకోవడానికి ఉన్నది అక్క ఒక్కతే, సరిగ్గా ఈ మాట అక్కకే చెప్పకూడదు. ప్రేమ నవల అని తెరిచినదాన్ని, అక్కకి ఆ మాట చెప్పలేకపోయే చోట ఏడ్చాను. చాలా రోజులు అందరికీ ఇది అక్కచెల్లెళ్ల నవల అనే చెప్పాను.

మూడోసారి చదివేటప్పుడు అనుమానం వచ్చింది. మార్గో మొదట్లో కళ్లకు కట్టినట్టుంటుంది, మధ్యలో దాదాపు మాయమవుతుంది. రచయిత్రికి అవసరమైనప్పుడే ఆమె ఫోన్ మోగుతుంది. క్రిస్మస్‌కి ఇంటికొచ్చాక జాష్ విషయం బయటపడి పెద్ద గొడవే అవుతుంది, కానీ ఇన్ని నెలల మూట కొన్ని పేజీల్లోనే విడిపోతుంది. మా ఇంట్లో అంతకంటే చిన్న విషయానికి, ఒక చీర విషయానికి, ఏడాదిన్నర పట్టింది. మధ్య భాగాన్ని మోసేది కిటీ. ఉత్తరాలు పోస్టు చేసింది ఎవరన్నది మాత్రం దాచినంతగా దాగలేదు, కాస్త శ్రద్ధగా చదివితే ముందే తెలిసిపోతుంది.

పీటర్ గురించీ ఒక మాట. ఇరవై రెండేళ్లప్పుడు అన్నీ క్షమించాను. మంచుకొండల మీద స్కీ ట్రిప్‌లో, హాట్ టబ్‌లో (వేడినీళ్ల తొట్టెలో) ఇద్దరూ పెట్టుకున్న ముద్దు స్కూలంతా వేరే రకంగా పాకిపోతే, దాన్ని అతను గట్టిగా ఖండించకపోవడం ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతోంది. అతనికి శిక్ష పడాలని కాదు. ఆ అమ్మాయికి జరిగిన అవమానాన్ని కూడా కథ తీపి ముగింపు తొందరలో తోసేసింది.

ఇంకొకటి బాగుంది. లారా జీన్ తల్లివైపు కొరియన్. రచయిత్రి ఆ విషయం మీద ఉపన్యాసం ఇవ్వదు. హాలోవీన్‌కి ఆ పిల్ల వేసుకున్న వేషాన్ని జనం జపాన్ కామిక్స్‌లో పాత్ర అనేసుకుంటారు, అంతే, కథ ముందుకు పోతుంది. సినిమా తీస్తామని వచ్చినవాళ్లలో ఎక్కువమంది నాయికను తెల్లమ్మాయిని చేద్దామన్నారనీ, తాను ఒప్పుకోలేదనీ హాన్ తర్వాత చెప్పింది. ఆ పట్టుదల మెచ్చుకుంటాను. కాకపోతే అంత పట్టుబట్టిన మనిషి, మొదటి పుస్తకంలో ఆ ఇంటి వంటగదిలో కుకీలకు ఇచ్చినంత చోటు అమ్మవైపు వంటకు కూడా ఇచ్చి ఉంటే బాగుండేది.

కొనాలా అంటే, రెండో భాగం పక్కన పెట్టుకునే మొదలుపెట్టండి. మూడోది, 2017లోది, మీ ఇష్టం. నేను ఒక్కసారే చదివాను. ఇంగ్లీష్ నవలలు కొత్తగా మొదలుపెట్టే ఇంటర్, డిగ్రీ పిల్లలకు భాష చాలా తేలిక. నా ఇష్టంలో సగం మాత్రం నేను ముగ్గురిలో నడిమిదాన్ని కావడం వల్ల వచ్చింది, దాన్ని లెక్కలోంచి తీసేసుకోండి. మా అక్కకి ఇస్తే ముప్ఫై పేజీలు చదివి, “ఈ పిల్లకి పరీక్షలు ఉండవా?” అని పక్కన పెట్టేసింది.