మాలిక్యూల్‌ని పగలగొట్టడానికి 7 ఫెమ్టోసెకన్ల పల్సా, 35 ఫెమ్టోసెకన్లదా... ఏది మేలు?

చిన్న మాలిక్యూల్‌ని లేజర్‌తో ముక్కలు చేసి, ముక్కలు ఎంత ఎనర్జీతో ఎగిరొచ్చాయో కొలిచి, పగలకముందు దాని షేప్ ఏంటో వెనక్కి లెక్కేస్తారు కదా, దాన్నే కూలుంబ్ ఎక్స్‌ప్లోషన్ ఇమేజింగ్ అంటారు. దీంట్లో పల్స్, అంటే ఒక్క లేజర్ మెరుపు, ఎంత చిన్నదైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు (ఫెమ్టోసెకన్ అంటే నానోసెకన్‌లో పది లక్షో వంతు), నా ఉద్దేశంలో అది సగమే నిజం.

ముందు హైడ్రోజన్ తీసుకుందాం, లెక్క తేలిక. 14.4ని రెండు ప్రోటాన్ల మధ్య దూరంతో (ఆంగ్‌స్ట్రామ్‌లలో, అంటే మీటర్‌లో వెయ్యి కోట్లో వంతు) భాగిస్తే అవి విడిపోయేటప్పుడు వచ్చే ఎనర్జీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వచ్చేస్తుంది. హైడ్రోజన్ బాండ్ 0.74, అంటే రెండు ఎలక్ట్రాన్లనీ ఒకేసారి పీకేస్తే 19.5 రావాలి. కానీ 800 నానోమీటర్ల టైటానియం సఫైర్ లేజర్‌తో 35 ఫెమ్టోసెకన్ల పల్స్ కొడితే అంత రాదు. ఎందుకంటే మొదటి ఎలక్ట్రాన్ పోగానే బాండ్ బలహీనమైపోద్ది, పైగా లేజర్ ఫీల్డే దాన్ని ఇంకా మెత్తబరుస్తుంది, పల్స్ ఇంకా నడుస్తుండగానే ప్రోటాన్లు దూరం జరుగుతుంటాయి, అలా నాలుగైదు ఆంగ్‌స్ట్రామ్‌లకి చేరేసరికి రెండో ఎలక్ట్రాన్ చాలా ఈజీగా ఊడొస్తుంది. దీన్ని 1995లో కెనడాలో జువో, బాండ్రాక్ ఒకవైపు, సైడ్‌మన్, ఇవనోవ్, కోర్కమ్ ఇంకోవైపు థియరీతో వివరించారు. నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పగిలితే 14.4 బై 4, అంటే 3.6 మాత్రమే. ఆ నంబర్ చూసి ఇదే అసలు బాండ్ అనుకుంటే ఐదు రెట్లకి పైగా తప్పు.

అందుకని షేప్ కావాలంటే చిన్న పల్సే, అందులో డౌట్ లేదు. ఒట్టావాలో లెగారే వాళ్ళ టీమ్ 2005లో పది ఫెమ్టోసెకన్ల లోపు పల్స్‌తో హెవీ వాటర్, సల్ఫర్ డై ఆక్సైడ్ షేపులు తీసింది, నాకు చాలా ఇష్టమైన పని అది. అయితే హైడ్రోజన్ దగ్గర 7 కూడా తక్కువేం కాదు, మొదటి ఎలక్ట్రాన్ పోయాక ఆ అయాన్ ఒకసారి ఊగి రావడానికి పట్టేదే సుమారు 15 ఫెమ్టోసెకన్లు.

ఇంకో సంగతి, 7 ఫెమ్టోసెకన్ల పల్స్‌ని కాపాడుకోవడం నిజంగా కష్టం. గ్యాస్ నింపిన బోలు ఫైబర్‌లోంచి పంపి స్పెక్ట్రమ్ (అందులోని రంగుల పరిధి) వెడల్పు చేయాలి, తర్వాత ఒక్కో రంగుని ఒక్కోలా ఆలస్యం చేసే చర్ప్‌డ్ మిర్రర్లతో కుదించాలి, ఈ దారిలో ఎనర్జీ బాగా పోతుంది. వాక్యూమ్ చాంబర్ విండో ఒక్క మిల్లీమీటర్ ఫ్యూజ్డ్ సిలికా ఉందనుకోండి, ముందే సరిచేసుకోకపోతే 7 కాస్తా 16 దాకా సాగిపోతుంది, అదే 35 ఫెమ్టోసెకన్ల పల్స్‌కి ఆ గాజు ఉన్నా లేనట్టే.

హాంబర్గ్ దగ్గర యూరోపియన్ ఎక్స్ఎఫ్ఈఎల్ లాంటి ఎక్స్‌రే లేజర్ మూడో దారి. అక్కడ అయోడోపిరిడిన్‌లోని 11 ఆటమ్‌లనీ చూపించిన పేపర్ 2022లో వచ్చింది, అద్భుతం. కానీ బీమ్‌టైమ్, అంటే ఆ లేజర్ వాడుకునే సమయం, దొరకాలిగా.

నన్నడిగితే, కొత్తగా ల్యాబ్ పెట్టేవాళ్ళు 35తోనే మొదలుపెట్టి, డబ్బు ముందు డిటెక్టర్ మీద పెట్టాలి. ఒకే మాలిక్యూల్ నుంచి వచ్చిన ముక్కల్ని కలిపి పట్టుకునే కోయిన్సిడెన్స్ లేకపోతే 7 ఉన్నా పెద్ద లాభం లేదు. అదుంటే 35తోనే ఎన్నో చూడొచ్చు, ఉదాహరణకి మూడు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్ డై ఆక్సైడ్‌లో మూడు ముక్కలూ ఒకేసారి విడిపోయాయా, లేక ఒక ఆక్సిజన్ ముందు వెళ్ళిపోయి మిగిలిన జంట తిరుగుతూ తిరుగుతూ తర్వాత పగిలిందా అన్నది ఆ ముక్కల కోణాల్లోనే తెలిసిపోతుంది. పైగా లేజర్‌లో పల్స్‌ని కుదించే కంప్రెసర్‌లో గ్రేటింగ్‌ల (రంగుల్ని విడదీసే పలకల) దూరం మారిస్తే అదే 35ని 100, 200కి సాగదీసుకోవచ్చు, అప్పుడు బాండ్ ఎక్కడిదాకా సాగి తెగుతోందో పల్స్ పొడవుతో పాటు ఎలా మారుతోందో చూడొచ్చు. కాకపోతే సాగదీసినప్పుడు ఇంటెన్సిటీ పడిపోతుంది, పల్స్ ఎనర్జీ కూడా పెంచి సమానం చేసుకున్నాకే పోల్చండి.