కీవే అంచు కరగలేదు

బెంగళూరు పీణ్యలో ఉన్న ఒక లేజర్ హార్డెనింగ్ (లేజర్ వేడితో ఉక్కు పైపొరను గట్టిపరిచే) షాపుకు గత నెల నలభై కామ్‌లు (యంత్రంలో తిరుగుతూ రోలర్‌ను కదిలించే ముక్కలు) తీసుకెళ్లాను. అన్నీ ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కువే. ఇంతకుముందు ఇదే పని ఇండక్షన్‌లో (కరెంటు కాయిల్‌తో వేడిచేసే పద్ధతిలో) చేయిస్తే ముక్కలు వంకరపోయేవి, వాటిని సరిచేయడానికి గ్రైండింగ్‌కే రెండు రోజులు పోయేవి.

నన్ను కట్టిపడేసిన పని మెషిన్ ఆన్ చేయకముందే జరిగింది. అక్కడి ఇంజనీరు మదనపల్లె అమ్మాయి. లేజర్ సెకనుకు 6 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంటే కామ్‌లో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టి, తెర మీద రంగుల్లో చూపించింది. పైపొర ఎర్రగా కాగినా లోపలి ఉక్కు చల్లగానే ఉంటుంది. లేజర్ ముందుకు జరగగానే ఆ చల్లని ఉక్కే వేడిని లాగేసుకుంటుంది. అందుకే నీళ్లూ నూనే లేకుండానే పైపొర మార్టెన్‌సైట్ అనే ఉక్కు రూపంగా మారి గట్టిపడుతుంది.

కీవే (కామ్‌ను షాఫ్టుకు బిగించే గాడి) దగ్గరికి రాగానే తెర మీద రంగు తెల్లబడింది. "అన్నా, ఇక్కడ ఒకవైపు లోహమే లేదు. వేడి ఎటూ పోలేక అంచులోనే పేరుకుంటుంది. ఇదే పవర్‌తో వెళ్తే కరిగిపోతుంది" అంది. ఆ నాలుగు మిల్లీమీటర్ల మేర పవర్ తగ్గించి ప్రోగ్రామ్ రాసింది. కామ్ వెడల్పుకు లేజర్ రెండు వరుసలుగా వెళ్లాలి. రెండో వరుస వేడికి మొదటి దాని అంచు టెంపర్ అయి కాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తని గీత రోలర్ నొక్కే చోట పడకుండా పక్కకు జరిపింది. ఇంత శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు.

లోపమూ ఉంది. మొదటి ముక్క కోసి, నైటాల్ (గట్టిపడిన పొర తేడా చూపే యాసిడ్ ద్రావణం) పూసి చూస్తే గట్టిపడిన పొర నెలవంకలా కనిపించింది కానీ లోతు 0.5 మిల్లీమీటర్లే. నేను అడిగింది 0.8. గ్రైండింగ్ చేసిన నా కామ్‌లు మెరుస్తుంటాయి, కాంతిని చాలావరకు వెనక్కి కొడతాయి. లెక్కలో మాత్రం ఉక్కు అంతకన్నా ఎక్కువ పీల్చుకుంటుందని వేసుకున్నారు. పొరపాటు తనదేనని ఒప్పుకుని, కాంతిని పీల్చుకునేలా గ్రాఫైట్ పూత వేసి మళ్లీ చేసింది. ఈసారి లోతు 0.8 వచ్చింది, గట్టిదనం 56 హెచ్‌ఆర్‌సి (రాక్‌వెల్ కొలమానంలో). పూట వృథా అయింది. పైభాగం ఎలా ఉంటుందో ఆర్డరు తీసుకునేటప్పుడే అడగాలి.

ధర ఇండక్షన్‌కు దాదాపు రెట్టింపు. వంకర సరిచేసే గ్రైండింగ్ తప్పింది కనుక నాకు భారం అనిపించలేదు. వెళ్లేవారు కోసి చూడటానికి రెండు ముక్కలు అదనంగా పట్టుకెళ్లండి.