లా బన్యేథా వీధి పందేలకు బైకు ప్రయాణం: ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

స్పెయిన్‌లో మోటారుసైకిల్ పందేలు చూడటమంటే హెరెజ్, వాలెన్సియా వంటి సర్క్యూట్లకు టిక్కెట్టు కొనుక్కొని వెళ్ళడమేనని చాలామంది అనుకుంటారు. అవి గొప్ప పందేలే, కాని నా కోరిక వేరు. ఇళ్ళ గుమ్మాల ముందు నుంచి, అంగళ్ళ వరుస పక్క నుంచి బండ్లు దూసుకుపోయే వీధి పందెం ఒక్కటైనా కళ్ళారా చూడాలని ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చాను. ఒకప్పుడు స్పెయిన్ నిండా అలాంటి పందేలే ఉండేవి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగంగా తొలి స్పానిష్ గ్రాండ్ ప్రీ 1951లో జరిగింది బార్సిలోనాలోని మోంజుయిక్ కొండ రోడ్ల మీదనే. ప్రేక్షకుల భద్రత పెద్ద ప్రశ్న అయ్యేకొద్దీ ఆ పందేలు ఒక్కొక్కటిగా సర్క్యూట్లకు తరలిపోయాయి, మోంజుయిక్‌లో జరిగే 24 గంటల పందెం కూడా 1986తో ఆగిపోయింది. లెయోన్ ప్రావిన్సులోని లా బన్యేథా అనే చిన్న ఊరు మాత్రం 1950ల నాటి తన పందేన్ని నేటికీ నడివీధుల్లోనే, ఆగస్టు నెలలో ఊరి పండుగల వేళలోనే జరుపుకుంటోంది. స్థానిక మోటో క్లబ్ బన్యేథానో దీన్ని నిర్వహిస్తుంది. రెండేళ్ళ కిందట నేనూ మా బావమరిదీ ఇంగ్లండు నుంచి చెరో బండి మీద అక్కడికి వెళ్ళి వచ్చాం. ఆ దారిలో వెళ్ళదలచిన తెలుగువారికి పనికివస్తుందని మా అనుభవాన్ని రాస్తున్నాను.

ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఎక్కడ దిగాలన్నదే. బండి, దారి, ఓడ అన్నీ దాని తరువాత వచ్చేవే. మేము మొదట లా బన్యేథాలోనే ఒక ఒస్తాల్‌లో గది తీసుకున్నాం. ఒస్తాల్ అంటే బంకు మంచాల హాస్టల్ కాదు, కుటుంబాలు నడిపే చిన్న లాడ్జి. చాలావాటిలో గదిలోనే స్నానాల గది, కింద ఒక బారు ఉంటాయి. పందేలకు మూడు వారాల ముందు, మేము ఆ గదిని బుక్ చేసుకున్న వెబ్‌సైటు వారు కారణం చెప్పకుండానే దాన్ని రద్దు చేశారు. డబ్బు తిరిగి వచ్చింది, కాని ఆ సమయానికి ఊళ్ళో మరో గది దొరకలేదు. పందెం వారాంతంలో ఆ ఊరి గదులు రేసర్ల బృందాలకు, ఏటా వచ్చే పాతవారికి ముందుగానే కేటాయించి ఉంటాయని అప్పుడే తెలిసింది. అందువల్ల గది దొరికిందని వెబ్‌సైటు చెప్పినా, నేరుగా లాడ్జికి ఫోన్ చేసి పేరు, తేదీలు ఖాయం చేసుకోవడం చాలా అవసరం. నాలుగు స్పానిష్ ముక్కలు వస్తే చాలు, వాళ్ళు ఓపికగా వింటారు.

గది పోయిందని మొదట చాలా బాధపడ్డాం, కాని చివరికి దానివల్ల మేలే జరిగింది. సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని ఆస్తోర్గాలో మూడు రాత్రులకు గది దొరికింది. మళ్ళీ వెళ్ళినా నేను అక్కడే దిగుతాను. లా బన్యేథాలో పండుగ రాత్రి తెల్లవార్లూ సాగుతుంది. వేదికల మీద సంగీతం, వీధుల్లో జనం, ఆరుబయట బార్లు ఉంటాయి కాబట్టి నిద్ర అక్కర్లేని వయసువారికి అది స్వర్గమే. పగలంతా ఎండలో నిలబడి పందెం చూసి, ఆ తరువాత వందల కిలోమీటర్లు బండి నడపవలసినవారికి మాత్రం రాత్రి నిద్ర ముఖ్యం. పైగా వీధులు మూసేశాక లోపల ఉన్న బండిని బయటికి తీయడం కుదరదు. ఆస్తోర్గా నుంచి ఉదయం ఏడున్నరకు బయలుదేరితే ఎనిమిదికల్లా ఊరి అంచున బండి నిలిపి నడుచుకుంటూ లోపలికి వెళ్ళవచ్చు.

ఆస్తోర్గా వాయవ్య స్పెయిన్‌లోని శాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి నడిచే యాత్రికుల దారిలో ఉన్న ఊరు. వాస్తుశిల్పి గౌడీ రూపకల్పన చేసిన బిషప్పు భవనం, దాని పక్కనే కథెడ్రల్, పాత రోమన్ గోడలు అన్నీ ఒకచోటే ఉంటాయి. ఇక్కడి అల్బెర్గేలు చవకగా కనిపిస్తాయి గాని అవి కాలినడకన, సైకిళ్ళ మీద వెళ్ళే యాత్రికుల కోసం ఉద్దేశించినవి. మోటారుసైకిల్ మీద వెళ్ళి వాటిలో చోటు అడగడం సబబు కాదు. మేము దిగిన చిన్న హోటల్లో బండ్లు పెట్టుకోవడానికి భవనం కింద గ్యారేజీ ఉంది. దానికి విడిగా కొంత రుసుము తీసుకున్నారు, కాని హెల్మెట్లూ సంచులూ మోసుకుంటూ వీధిలో చోటు వెతికే అవస్థ తప్పింది. గదిని ఎంచుకునేటప్పుడు అల్పాహారం కంటే ముందు ఆ గ్యారేజీ ఉందో లేదో అడగండి. లెయోన్ నగరం మరో ప్రత్యామ్నాయం. అక్కడి కథెడ్రల్ రంగుటద్దాల వెలుగు చూడటానికి ఒక పూట ఆగవలసిన చోటే గాని, పందేలకు రోజూ వెళ్ళి రావడానికి కొంచెం దూరం.

ఇక ఓడ సంగతి. పోర్ట్స్‌మత్ నుంచి శాంతాందేర్‌కు బ్రిటనీ ఫెర్రీస్ ఓడలో వెళ్ళాం. ఒక రోజుకు పైగా సముద్రం మీదే ఉండాలి కాబట్టి క్యాబిన్ తీసుకోవలసిందే. ఫ్రాన్స్ మీదుగా నడుపుకుంటూ వెళ్తే పెట్రోలు, టోలు, రెండు రాత్రుల గదులు, అరిగే టైర్లు కలిపి ఖర్చు దాదాపు అంతే అవుతుంది, ఒళ్ళు హూనం కావడం అదనం. ఓడ అడుగు అంతస్తులో బండిని గేరులో పెట్టి, సైడ్ స్టాండు మీద నిలిపి, సీటు మీద మెత్తటి గుడ్డ వేసి, పట్టీలతో నేలలోని కొక్కేలకు బిగిస్తారు. ఓడ సిబ్బందే బిగించినా, పట్టీ సీటు తోలును కోయకుండా ఉందో లేదో మన చేత్తో తడిమి చూసుకోవాలి. బిస్కే అఖాతం వేసవిలో కూడా అప్పుడప్పుడు గట్టిగానే ఊపుతుంది, వాంతుల మాత్రలు దగ్గర ఉంచుకోవడం మంచిది. ఓడ నిండా మాలాగే బండ్లతో వెళ్ళేవాళ్ళు కనిపించడం, రాత్రి డెక్కు మీద మ్యాపులు పరిచి వాళ్ళు పాత కథలు చెప్పడం ఆ ప్రయాణానికి తగిన ఆరంభం.

భారతీయ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉంటున్నవారికి షెంగెన్ వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ముప్పై వేల యూరోల వైద్య బీమా చూపించాలి. గది బుకింగులు కూడా చూపించాలి గనుక రద్దు చేసుకునే వీలున్న గదులే ముందుగా తీసుకొని, పందెం తేదీలు ప్రకటించాక సర్దుకోవడం మేలు. బ్రిటన్ బండి అయితే నంబరు ప్లేటు మీద ఏమున్నా సరే, స్పెయిన్‌లో వెనుక విడిగా యూకే స్టిక్కరు ఉండాలి. రిజిస్ట్రేషన్ అసలు పత్రం వెంట ఉంచుకోవాలి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా వచ్చేవారు మాడ్రిడ్‌లో దిగి బండి అద్దెకు తీసుకోవడం సులువు. లైసెన్సుతో పాటు ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. మాడ్రిడ్ నుంచి ఏ-6 రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లే. అయితే ఆగస్టులో మాడ్రిడ్‌లో చాలా దుకాణాలు సెలవుల కోసం మూసేస్తారు గనుక బండిని వసంతంలోనే మాట్లాడి ఉంచుకోవాలి.

శాంతాందేర్ నుంచి వెళ్ళేటప్పుడు మేము కొండదారి పట్టలేదు. ఏ-67 మీద దక్షిణంగా దిగి, ఒసోర్నో దగ్గర ఏ-231 ఎక్కి లెయోన్ వైపు నడిపాం. గోధుమ కోతలైన పొలాల మధ్య నిటారుగా సాగే ఆ రోడ్డులో చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కాని శుక్రవారం సాయంత్రానికి అలసట లేకుండా చేరాం. అందమైన దారిని తిరుగు ప్రయాణానికి దాచుకోండని నా సలహా. ముందే కొండలెక్కి అలసిపోతే శనివారం ఉదయం లేవలేరు. పందెం చూడటమే ఈ ప్రయాణానికి కారణమైనప్పుడు మిగతావి దాని వెనుకే నడవాలి.

శనివారం ప్రాక్టీసు, ఆదివారం పందేలు. మూల మలుపుల దగ్గరా దీపస్తంభాల చుట్టూ గడ్డి కట్టలు పేర్చారు. జీబ్రా గీతల మీద నుంచి, మ్యాన్‌హోల్ మూతల పక్క నుంచి బండ్లు పోతుంటే రోడ్డు ఎక్కడ నునుపుగా ఉందో, ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉందో చక్రాల వణుకులో కనిపిస్తుంది. బాల్కనీల్లో ముసలమ్మలు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. ఇక్కడి ప్రత్యేకత పాత బండ్ల తరగతులు. బుల్తాకో, మోంతేసా, ఓస్సా, దెర్బీ వంటి స్పానిష్ కంపెనీల పేర్లు పుస్తకాల్లో చదవడం వేరు, వాటి టూస్ట్రోక్ గోల రెండు మేడల నడుమ ప్రతిధ్వనిస్తుంటే పది అడుగుల దూరంలో నిలబడటం వేరు. ఇక్కడికి దక్షిణాన ఉన్న థమోరాలో పుట్టిన ఆన్హెల్ నియెతో 1969లో తన మొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది 50 సీసీ దెర్బీ మీదే. పదమూడు టైటిళ్ళు గెలిచినా, పదమూడు అచ్చిరాని అంకె అని ఆయన దాన్ని పన్నెండు ప్లస్ ఒకటి అనే చెప్పుకునేవారు.

బండ్లు వరుసగా నిలిపి వేడెక్కిస్తున్న వీధిలోకి వెళ్ళినప్పుడు ఒక పాత బండి సైలెన్సర్ నుంచి వచ్చిన పొగ దగ్గర మా బావమరిది ఆగిపోయాడు. తీయగా, కొంచెం వెగటుగా, బాగా ఎరిగిన వాసన. "బావా, ఇది మన ఆముదమే కదా" అన్నాడు. నిజమే. పాత రేసు ఇంజన్లలో ఆముదం ఆధారంగా చేసిన నూనె వాడటం ఎప్పటి నుంచో ఉంది, క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం నుంచి వచ్చిందే. మహబూబ్‌నగర్ పక్క పల్లెలో ఆముదపు చేల మధ్య పెరిగినవాడు కాబట్టి అతనికి ముందు తెలిసింది. బండి పక్కన చేతులకు నూనె మరకలతో నిలబడ్డ పెద్దాయనకు మా మాట అర్థం కాలేదు, అయినా బావమరిది ముఖం చూసి నవ్వి, సీసా మూత తీసి అతని అరచేతిలో ఒక చుక్క వేశాడు. అతను దాన్ని వేళ్ళ మధ్య రాసి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిలబడే చోటు విషయంలో ఒక్క మాట. ఇది బ్రిటన్ పక్కనున్న మ్యాన్ దీవిలో రోడ్ల మీద జరిగే పందెం లాంటిది కాదు. అక్కడ ఒక చుట్టు 60 కిలోమీటర్లు, ఒక బండి మళ్ళీ కనిపించాలంటే చాలాసేపు ఆగాలి. ఇక్కడ చుట్టు చాలా చిన్నది, అవే బండ్లు మాటిమాటికీ వస్తాయి కాబట్టి పోటీ ఎలా మారుతోందో కళ్ళకు కడుతుంది. వేగంగా పోయే నిటారు వీధి కంటే బ్రేకులు వేసి నెమ్మదించే మలుపు దగ్గరే ఎక్కువ చూడగలం. కాకపోతే మలుపు బయటి అంచున నిలబడకండి, బండి జారితే వచ్చేది అటువైపే. రోడ్డు దాటడం నిర్వాహకులు తాడు తీసినప్పుడు మాత్రమే. చెవుల్లో పెట్టుకునే బిరడాలు, టోపీ, నీళ్ళు తప్పనిసరి. ఊరు సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది గనుక పగటి ఎండ మాడ్చేసినా రాత్రి చలేస్తుంది, జాకెట్టు లోపలి పొరను ఇంట్లో వదిలేసి రాకండి.

తిండి దగ్గర మా ఇద్దరికీ రెండు అనుభవాలు. ఆస్తోర్గాలో కోసిదో మరగాతో అనే భోజనం పేరుపొందింది. ముందు మాంసాలు, తరువాత శనగలు, చివర సూపు, ఇలా తలకిందులుగా వడ్డిస్తారు. నాకు అది ఎంతో నచ్చింది, కాని అది తిని ఆ పూట బండి ఎక్కలేం. బావమరిది శాకాహారి, గుడ్డు తింటాడు. లా బన్యేథా చిక్కుడు గింజలకు పేరున్న చోటు, అయితే వాటిని ఎక్కువగా మాంసపు సాసేజీతో కలిపే వండుతారు. "సిన్ కార్నే" అంటే సాసేజీ ముక్కలు పక్కకు తీసి తెచ్చారు తప్ప విడిగా వండలేదు. బంగాళాదుంప, గుడ్డు కలిపిన తోర్తియా, వేయించిన మిరపకాయలు, రొట్టె, జున్నుతో అతను మూడు రోజులు గడిపాడు. మా ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి డబ్బా ఎంతగా అక్కరకు వచ్చిందో చెప్పలేను. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు మధ్య, రాత్రి తొమ్మిది దాటాకే వంటశాలలు తెరుస్తారన్నది గుర్తుంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఎన్-621 మీద రియాన్యో వైపు ఎక్కాం. 1987లో ఆనకట్ట నీళ్ళలో పాత రియాన్యో మునిగిపోయింది. ఇప్పుడున్నది ఒడ్డున కట్టిన కొత్త ఊరు, ఆ జలాశయం చుట్టూ బూడిదరంగు కొండలు. అక్కడికి చేరకముందే నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ బండి వెనుక టైరు పంక్చర్ అయింది. నాది ఆకుల చక్రం, లోపల ట్యూబు ఉండేది, బావమరిది హోండాలాగా బయటి నుంచి రబ్బరు బిరడా గుచ్చి గాలి కొట్టే వీలు లేదు. ఆ రోజు ఆగస్టు 15, స్పెయిన్ అంతటా సెలవు. బీమా సహాయం వారు ఒకరి నుంచి ఒకరికి ఫోన్ మారుస్తూ రెండు గంటలు గడిపాక గ్రువా, అంటే బండిని ఎక్కించుకునే లారీ, వచ్చింది. మర్నాడు లెయోన్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో అరగంటలో ట్యూబు మార్చారు. ట్యూబు టైరు ఉన్నవారు రెండు కొలతల ట్యూబులు, టైరు విప్పే లివర్లు, చిన్న పంపు వెంట పెట్టుకోండి, బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఒకసారి చక్రం విప్పి బిగించి చూసుకోండి.

అందువల్ల ఒక రోజు చేజారింది, కాని ముందే ఒక ఖాళీ రోజు ఉంచుకున్నాం గనుక ఓడ తప్పలేదు. మరునాడు 1,609 మీటర్ల సాన్ గ్లోరియో కనుమ దాటి పోతెస్‌లోకి దిగాం. అక్కడి నుంచి హెర్మిదా లోయలో, ఆకాశం సన్నటి గీతలా మాత్రమే కనిపించే రాతిగోడల మధ్య నది పక్కనే సాగే దారిలో పర్యాటక బస్సులు ఎదురొస్తాయి, ఉదయం తొమ్మిదిలోపే దాటడం మంచిది. శాంతాందేర్ రేవులో వరుసలో నిలబడి సంచి విప్పితే, నా చేతితొడుగుల మడతలో లా బన్యేథా వీధిలోని గడ్డిపరక ఒకటి ఇంకా ఇరుక్కొని ఉంది.